గోస్తనీ తీరము

మన పిల్లలు భూగోళపాఠము వల్లించునప్పుడు గోదావరి, కృష్ణ, పెన్న, తుంగభద్ర అని నాలుగు వ్రేళ్లు మడచి, ఐదవ వ్రేలికడ ఆగి మన మొగము చూతురు. ఆ ఐదవ వ్రేలు చిన్న నదులది. ఉపాధ్యాయుడు తొందరలో నున్నచో "మొదలగునవి" అని ఆ వ్రేలిని గూడ తానే మడచివేయును. ఈ వాక్యము చదివి మావారు నవ్వి యూరకుండిరి. పాఠశాలలో వారేమి చేయుదురో వారికే యెఱుక. మేము మాత్రము "మొదలగునవి" అను మాటలో మునిగిపోయిన యొక నదిని గూర్చి సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

పెద్ద నదిని ఆద్యంతము చూచుట సంసారస్త్రీలకు సులభమైన పని గాదు. గోదావరి పుట్టుక చూడవలెనన్న నాసికమున కావలనున్న త్ర్యంబకమునకు పోవలెను. సాగరసంగమము చూడవలెనన్న అంతర్వేదికి రావలెను. నడుమ 1,465 కిలోమీటర్లు. గోస్తని యట్లు గాదు. అనంతగిరి కొండలలో బుట్టి, సుమారు 120 కిలోమీటర్లు నడచి, భీమునిపట్టణముకడ సముద్రమున గలియును. ఇంటిపని నాలుగు దినములు ఒకరి కప్పగింపగల యిల్లాలు దాని బాల్యమును, యౌవనమును, అవసానమును గూడ చూచి రావచ్చును. 2022 సంవత్సరమున జిల్లాలను తిరిగి విభజించినప్పుడు ఈ చిన్న నది మూడు జిల్లాల పాలైనది: పుట్టుక అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, నడుమభాగము విజయనగరము జిల్లాలోను, సంగమము విశాఖపట్టణము జిల్లాలోను పడినవి. మేమీ నదిని రెండు విడతలుగా చూచితిమి. సంక్రాంతి సెలవులలో కొండభాగమును, వేసవి సెలవులలో మైదానభాగమును చూచుట తటస్థించినది. అట్లగుటయే మంచిదైనది, ఏలయన నిండియున్నప్పుడు మాత్రమే చూచినవారికి ఈ నది సగమే తెలియును.

ముందుగా పేరును గూర్చి ఒక్క మాట. తణుకు ప్రక్కన బ్రవహించు గోస్తని వేఱు, ఇది వేఱు. అమరకోశమున గోస్తనీ శబ్దము ద్రాక్షకు పర్యాయపదముగా జెప్పబడినది. ఆ పండు ఆవుచన్నును బోలుటచేత నాపేరు వచ్చినదందురు. నదికి మాత్రము ఈ పేరు వచ్చుటకు కొండవారు చెప్పు కథ వేఱు. పూర్వమొక యావు మేయుచు మేయుచు కొండపైనున్న బిలములో బడెనట. కాపరి దానిని వెదకికొనుచు గుహలోనికి దిగి చూడగా ఆవు క్షేమముగా నుండెను. చెంతనే శివలింగమువంటి శిల యొకటి కనబడెను. ఆ లింగముపైనున్న రాతిరూపమును కామధేనువందురు. దాని పొదుగునుండియే నదిపుట్టినదని వారి నమ్మకము. రాళ్లు నీటిచేత గఱగి యేర్పడిన గుహలో, రాతి పొదుగునుండి నీరు కారుట కవికల్పనయే యైనను, ప్రకృతిశాస్త్రమునకు మిక్కిలి దూరమైన కల్పన గాదు. అదెట్లో క్రింద చెప్పుదుము.

కొండభాగమునకు బోవుటకు రైలుబండియే మేలు. కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరువఱకు పొలములు, తాటిచెట్లు, చెఱకుతోటలు. అచ్చటినుండి బండి కొండ నెక్కనారంభించును. ఇనుపరాతిని రేవునకు జేర్చుటకై 1960 ప్రాంతమున పదేండ్లలో నిర్మింపబడిన ఈ మార్గమున సొరంగములు అనేకములు. చీకటి, వెలుతురు, మరల చీకటి. మా చిన్నవాడు మొదట లెక్కించుచు వచ్చి, ముప్పదింటికడ నిదురపోయెను. చిమిడిపల్లి దాటిన పిదప బొర్రాగుహల స్టేషను. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తు. గుహల పైభాగమునుండియే రైలుమార్గము పోవుచున్నదని విని, తిరుగుప్రయాణమున మేము కొంచెము బిగబట్టుకొని కూర్చున్నమాట నిజము.

ఈ కొండల శిల చాలవఱకు ఖోండలైటు అనునది. ఇక్కడి కొండజాతులలో నొకరగు ఖోండుల పేరనే 1902 లో వాకరను శాస్త్రజ్ఞుడు దానికీ నామకరణము చేసెను. అందు ఇనుము గలదు గావున ఎండకు వానకు చిల్లులుపడి చివికినకొలది ఎఱ్ఱబాఱును. ఈ యెఱ్ఱదనమును పాఠకులు జ్ఞాపకముంచుకొనగోరుచున్నాము. సముద్రపుటొడ్డున మరల మనకు కనబడును. ఆ శిలల నడుమ అక్కడక్కడ సున్నపురాతి పొరలు గలవు. బొర్రా యట్టి చోటు.

వానచినుకు ఆకాశమునుండి దిగునప్పుడును, కుళ్లిన యాకుల మన్నులో నింకునప్పుడును బొగ్గుపులుసు వాయువును తనలో గలుపుకొనును. గోలీసోడాలో చుఱ్ఱుమనునది అదియే. అట్టి నీరు మిక్కిలి తేలికపాటి పులుసు. అది సున్నపురాతి నెఱ్ఱెలలో జొచ్చి, వేలయేండ్లు, లక్షలయేండ్లు కొంచెము కొంచెముగా గఱగించును. అట్లు కఱగి తొలుచుకొనిపోయిన బిలమే బొర్రా. కప్పునుండి బొట్టు వ్రేలాడి గాలి దగిలినప్పుడు ఆ వాయువు పోయి, సున్నము మిగులును. కప్పున మిగిలినది పైనుండి వ్రేలాడు స్తంభమగును, నేలపై బడినది క్రిందనుండి లేచు స్తంభమగును. కొన్నిచోట్ల రెండును గలిసి నిలువుకంబములైనవి. ఇది వింతగా దోచినవారు తమ యింట స్నానమునకు నీళ్లు కాచు పాత్ర యడుగును గోకి చూతురు గాక! అచ్చట పేరుకొనిన తెల్లని పొర ఇదియే. బొర్రాలో ప్రకృతి నిప్పులేక చేసినపనిని మనము పొయ్యిమీద చేయుచున్నాము. మనది తోమవలసినపని, దానిది చూడవలసినపని.

గుహ చాల లోతు. మెట్లమీద దిగుచుండగా తడిరాతి వాసన, గబ్బిలముల వాసన. క్రిందుగా గోస్తని పోవుచున్నది. లోపల రంగురంగుల దీపములు పెట్టినారు. పచ్చదీపముక్రింద ఒక శిల, ఎఱ్ఱదీపముక్రింద నొక శిల, ఇది పుట్టగొడుగు, ఇది తల్లిబిడ్డ, ఇది ఋషి గడ్డమని చూపువాడు గడగడ చెప్పుకొనిపోవును. మా కీరంగులు రుచింపలేదు. దీపపు వేడిమికి, వెలుతురునకు శిలలపై నాచు పట్టునని మావారు చెప్పిరి. చూడగా నిజముగనే దీపములచుట్టును పచ్చగానున్నది. గుహకు గుహయొక్క చీకటియే యలంకారము. ఒక్క నిమిషము విద్యుత్తు పోయినప్పుడు అందఱును కేకవేసిరి గాని, మాకు మాత్రము అప్పుడే ఎక్కడనో బొట్టు బొట్టుగా నీరుపడు చప్పుడు, క్రింద నది గొణుగుడు వినబడినవి.

ఈ బొర్రాపేరు గుహలవలన నెంత ప్రసిద్ధమో, ఒక తీర్పువలన నంత ప్రసిద్ధము కావలసినది. ఈ సున్నపురాళ్లలో కాల్‌సైటు మొదలగు ఖనిజములు గలవు. కొండవారి భూములున్న యీ ప్రాంతమున గనులు త్రవ్వుకొనుటకు ప్రభుత్వము బయటివారికి కౌళ్లిచ్చెను. "సమత" యను సంస్థ దీనిపై న్యాయస్థానముల కెక్కెను. 1997 జులైలో సర్వోన్నత న్యాయస్థానము, షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులకు గనులకై కౌలుకీయరాదని తీర్పు చెప్పినది. దేశమున గిరిజనుల భూమిని గూర్చిన వ్యాజ్యము ఎక్కడ నడచినను నేటికిని ఈ తీర్పును పేర్కొందురు. గుహలను జూచువారిలో దీని నెఱిగినవారు తక్కువ. గుహవెలుపల వెదురుబొంగులో కోడిమాంసము కాల్చి యమ్ముచున్నచోటనే మేమును ఈ సంగతి వింటిమి.

అనంతగిరి పల్లెలు చిన్నవి. వాలులందు కాఫీతోటలు, వాని నీడకై నాటిన సిల్వరుఓకు చెట్లు, ఆ చెట్లను బ్రాకిన మిరియపుతీగలు. 2014 అక్టోబరు 12 వ తేదీని వచ్చిన హుద్‌హుద్ తుపానున ఈ నీడచెట్లు వేలకొలది కూలినవి. కొండదొర, బగత, వాల్మీకి మొదలగు జాతులవారు ఇచ్చట నివసింతురు. ఆడువారు ఊటనుండి నీరు మోసికొని రెండు బిందెలు ఒకదానిపై నొకటి పెట్టుకొని, చేయి పట్టకయే నిటారుగా నెక్కిపోవుదురు. మైదానమునుండి పోయిన మేము వట్టి చేతులతో ఆయాసపడితిమి. కటికియొద్ద నది జలపాతమై దూకును. దానిని మేము దూరమునుండియే చూచితిమి. పిల్లలతో ఆ బాటన దిగుట మాకు సరిపడలేదు.

కొండదిగుట గోస్తనికి త్వరితముగ ముగియును. బొర్రాకడ 700 మీటర్ల యెత్తున నున్నది, తాటిపూడికడకు వచ్చునప్పటికి 100 మీటర్లలోపునకు దిగిపోయినది. తక్కిన దూరమంతయు ఆ మిగిలిన కొద్ది వాలుమీదనే తాపీగా నడచిపోవును. చిన్నప్పుడు పరుగులు, తరువాత నడక.

తాటిపూడి గంట్యాడ మండలములోనిది. 1963 మొదలు 1968 వఱకు ఇచ్చట నదికి ఆనకట్ట కట్టి జలాశయము చేసిరి. నిండిన నీటిమట్టము 297 అడుగులు. మూడువైపుల కొండలు, నడుమ నిశ్చలమైన నీరు. చూచుటకు చాల ఇంపుగా నుండును. దీనిక్రింద సుమారు 15 వేల యెకరములు సాగగును. ఇచ్చటినుండియే గొట్టములద్వారా విశాఖపట్టణమునకు త్రాగునీరు పోవుచున్నది. అంతటి మహానగరము దాహము తీర్చుకొనుట తప్పని మేమనము. మా దగ్గఱిబంధువులు అందు ఎందఱో యున్నారు. అయితే పాడియున్న యిండ్లలో ఒక యాచారము గలదు: మూడుచన్నులు పితికి నాలుగవది దూడకు విడుతురు. నాలుగును పితికిన యిల్లాలిని ఇరుగుపొరుగువారు ఏమందురో మనకు దెలియును. పేరే గోస్తనియైన యీ నదికడ దూడ యెవరో, దానికేమి మిగులుచున్నదో చూడవలెనన్నచో తాటిపూడి దాటి క్రిందికి బోవలెను.

ఆ భాగమును మేము వైశాఖమున చూచితిమి. శృంగవరపుకోటనుండి జామికి బోవు దారిలో నది కనబడును. నదియనగా ఇసుక. ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు తెల్లని యిసుక, అక్కడక్కడ తుంగ, ఒక ప్రక్కగా చేయి వెడల్పున నీటిచాలు. ఈ లోయలో సంవత్సరమునకు సుమారు 110 సెంటీమీటర్ల వాన కురియును. అందులో చాలభాగము నైరృతి ఋతుపవనము తెచ్చినదే. మంచుకొండల నీరు దీనికి లేదు గావున వానలు వెడలిన నది ఇసుకలోనికి దిగిపోవును.

జామి దాటిన పిమ్మట ఒక పల్లెకడ ఆగితిమి. ఉదయము ఆఱుగంటలకు పదునైదుగురు స్త్రీలు బిందెలతో ఇసుకలో గూర్చుండియుండిరి. ఒక్కొక్కరిముందు ఒక్కొక్క చెలమ. చెలమనీరు తోడుట ఎఱుగని సోదరీమణులకు చెప్పుచున్నాము: చేతులతో, ఆపై చిప్పతో ఇసుకను గుండ్రముగా త్రవ్వుదురు. మొదట ఊరిన నీరు కలకగా నుండును. దానిని తోడి పాఱబోయుదురు. రెండవసారి ఊరినదియు పాఱబోయుదురు. మూడవది అద్దమువలె తేఱియుండును. కొబ్బరిచిప్పతో మెల్లగా, అంచుల ఇసుక జాఱకుండ, బిందెలోనికి వంచుదురు. బిందె నిండుటకు అరగంట పట్టును. తొందరపడినవారికి బురదయే గతి. మేము దోసిలిపట్టి త్రాగితిమి. చల్లగా, తియ్యగా నున్నది. ఆ నీటితో వండిన కందిపప్పు ఇట్టె యుడికి వెన్నవలె అయినదని మాకు ఆనాడు ఆతిథ్యమిచ్చిన యింట ప్రత్యక్షముగా దెలిసినది.

చెలమకడ నున్న ఒక ముదుసలిని "ఏరు ఎండిపోయినదా, అమ్మా?" అని యడిగితిమి.

ఆమె మా యజ్ఞానమునకు నవ్వి, "ఏరు ఎండిపోద్దేటి, అమ్మగోరూ? కిందన నడుత్తాది. ఇసకుంటే ఏరున్నట్టే" అనెను. పిదప త్రవ్వుచున్న గోతిని జూపి, "మా అత్త మూరెడు తవ్వేది. నాను నడుంలోతు తవ్వుతున్నాను. నా కోడలు ఇటు రాదు, బోరింగుకాడికి పోతాది" అని చెప్పెను.

ఇంతకన్న చక్కగా ఈ నదిచరిత్రను మఱియొకరు చెప్పగలరని మేమనుకొనము. ఎగువన ఱాతిక్రింద నడచిన నది దిగువన ఇసుకక్రింద నడచుచున్నది. దానిని చూడనేరని కన్నులకు అది ఎండిననది. ఎండిననదిలో ఇసుక ఉండిననేమి, పోయిననేమి? ఆ పల్లెకు కొంచెము దిగువనే తెల్లవాఱకముందు లారీలు దిగిన జాడలున్నవి. నదిగర్భమున రెండు నిలువుల గోతులు. ఒకదానిలో అడుగున జిగటమన్ను బయటపడియున్నది.

ఒక చిన్న పరీక్ష యింటనే చేయవచ్చును. చెంబునిండ పొడి యిసుక పోసి, దానిపై కొలతగా నీరు పోయుడు. నిండినదనుకొన్న చెంబులో నాలుగవవంతు మొదలు మూడవవంతు వఱకు నీరు పట్టును. ఇసుకరేణువుల నడుమ సందులలో ఆ నీరు దాగును. పైనుండి ఎండ దానిని తాకజాలదు. ఏటి యిసుక యంతయు అట్టి చెంబే. వానకాలమున నింపుకొని, వేసవిలో మెల్లగా విడుచును. ఇరుదరుల నూతులలోని నీరును ఈ యిసుకలోని నీరును నేలక్రింద ఒకదానితో నొకటి కలిసియే యుండును. ఇసుక పోయిన, వఱద ఒక్క దినమున సముద్రము జేరును. నూతులలోని నీరు లోతైన యేటిగోతిలోనికి జాఱును. ఇల్లు కట్టువారికి ఇసుక వలయును, నిజమే. నది యేటేట క్రొత్త యిసుకను దెచ్చుచున్నచో ఆ మేరకు దీసికొనుటలో దోషము లేదు. కాని కొండలనుండి వచ్చు ఇసుకలో చాలభాగము తాటిపూడి జలాశయములోనే అడుగున నిలిచిపోవును. క్రిందికి వచ్చునది ప్రక్కవాగులు తెచ్చునదే. రాబడి తగ్గిన యింట ఖర్చు పెరిగిన కొట్టుగదియేమగునో గృహిణులకు మేము చెప్పవలెనా? నీరు, భూమి, చెట్టు వీని రక్షణకై 2002 లో మన రాష్ట్రమున ఒక శాసనము చేసినారు. వాల్టా యని దానికి వాడుకపేరు. ఇసుక త్రవ్వకమునకు అందు నిబంధనలు గలవు. శాసనము పగటిది, లారీలు రాత్రివి.

ఇచ్చటినుండి నదివెంట దిగి వచ్చిన పద్మనాభము. కొండపై అనంతపద్మనాభస్వామి యాలయము. మెట్లు వేయికి పైగా గలవు. మోకాళ్లనొప్పిగల మా యత్తగారు క్రిందనున్న కుంతీమాధవస్వామిని సేవించి తృప్తిపడిరి. ఈ కొండక్రిందనే 1794 జులై 10 వ తేదీని తూర్పు ఇండియా కంపెనీవారి సైన్యమునకును విజయనగర ప్రభువగు విజయరామరాజునకును యుద్ధము జరిగి రాజు వీరస్వర్గ మలంకరించెను. కప్పము బాకీయే తగవునకు మూలము. ఇప్పుడచ్చట వరిమళ్లు, మామిడితోటలు.

తగరపువలసకడ పెద్దబాట నదిని దాటును. ప్రక్కనే చిట్టివలస. లోయలోని రైతులు గోగుపంట వేసి, కట్టలు కట్టి నీటిమడుగులలో ఊరవేసి, నార దీసి ఎండబెట్టువారు. ఆ వాసన తెలిసినవారు మఱువలేరు. ఆ నార గోనెసంచులగుటకు చిట్టివలసలో జనపనార మిల్లుండెడిది. అది 2009 లో మూతపడినది. మిల్లు పోయిన పిదప గోగుకట్టలును పలుచబడినవి. మడుగులును పలుచబడినవి గదా, రెండును ఒకదాని కొకటి తోడు.

భీమునిపట్టణమును భీమిలి యందురు. పదునేడవ శతాబ్దిలో డచ్చివారు ఇచ్చట వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. వారి సమాధులు నేటికిని గలవు. 1825 లో ఊరు ఆంగ్లేయుల వశమైనది. 1861 లోనే పురపాలకసంఘ మేర్పడినది. పట్టణమునకు కొలది దూరమున సముద్రపుటొడ్డున ఎఱ్ఱమట్టిదిబ్బలు గలవు. వానకు కోసికొనిపోయి లోతైన గాళ్లుపడిన యెఱ్ఱని యిసుక. మేము పైన జ్ఞాపకముంచుకొనుమన్న యెఱ్ఱదనమిదియే. కొండలలోని ఖోండలైటు చివికి, ఏఱులవెంట సముద్రము జేరి, గాలి దానిని వేలయేండ్లు ఒడ్డునకు ఎగురవేయగా, అందలి యినుము త్రుప్పుపట్టగా ఈ దిబ్బలేర్పడినవని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖవారు దీనిని వారసత్వస్థలముగా గుర్తించినారు. నది తెచ్చిన యిసుక విలువ యెట్టిదో ఇచ్చట కొండయంత యెత్తున కనబడును.

ఏటిమొగకడకు సాయంకాలము పోయితిమి. వేసవి గావున ఇసుకమేట అడ్డముపడి మొగ సన్నగిల్లినది. పడవలు ఒడ్డున బోర్లించియున్నవి. బెస్తస్త్రీలు వలలు బాగుచేయువారికి గంజి దెచ్చుచుండిరి. ఆటుపోటు సమయమున ఉప్పునీరు నదిలోనికెక్కును. పైనుండి దిగు మంచినీటి బలముచాలినంతకాలము అది వెనుకకు పోవును. చాలనప్పుడు ఇసుకలోనికి, ఇసుకనుండి నూతులలోనికి జొచ్చును.

ఆ రాత్రి మా పినతల్లి కుమార్తె యింట బసచేసితిమి. ఆమె వాకిట నూయి గలదు. పెండ్లియై వచ్చిన క్రొత్తలో ఆ నీరే త్రాగెడివారట. మేము తోడి నోట బోసికొనగా ఉప్పగానుండెను. "దానితో పప్పు ఉడకదు అక్కా, అంట్లు తోముకోవడానికే" అని ఆమె చెప్పుచు, వంటింటి గుమ్మముకడనున్న నీళ్లటిన్నులను జూపినది. ఇరువది లీటర్లవి రెండు. ఒకటి త్రాగుటకు, ఒకటి వంటకు. ఆ నీరెక్కడిదని యడిగితిమి.

"పైన ఏటొడ్డు బోరుదేనట" అని ఆమె చెప్పి, టిన్ను వంచి ఎసరు పెట్టినది.